స్తంభం మీది రెప్ప

నిన్నే అంటున్నాను. ఆ ఫోను కింద పెట్టు. అందులో కనిపిస్తున్న గుమ్మం నీది కాదు. ఆ గుమ్మంలోకి వెళ్తున్న అమ్మాయి నీకు ఏమీ కాదు. ఆమె ఎన్నింటికి వచ్చిందో, ఎవరి బండి దిగిందో నీకెందుకు? నీ ఇంటి కిటికీలకు పరదాలు కట్టుకున్నావు. నీ స్నానాలగదికి లోపలి గడియ పెట్టించుకున్నావు. ఎదుటి మనిషికి మాత్రం ఆ గడియ అక్కర్లేదనుకున్నావు. పైగా, "వీధి అందరిదీ కదా, చూస్తే తప్పేముంది?" అంటావు. వీధి అందరిదే. వీధిలో నడిచే మనిషి అందరి సొత్తు కాదు. సిగ్గన్నది ఇంకా మిగిలి ఉంటే కాసేపు కూర్చుని, తిరుపతిరావు సంగతి విను.

పటమటలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధి ఉంది. తెల్లవారేసరికి పాలప్యాకెట్లు గేట్ల మీద వేలాడుతుంటాయి. ఆడవాళ్ళు వాకిళ్ళు కడిగిన నీళ్ళు కాలవలోకి జారుతుంటాయి. వీధి మొదట్లో మణెమ్మ బండి. పొద్దున ఇడ్లీ, సాయంత్రం పునుగులు. మొదటి వాయి దింపినప్పుడు లేచే ఆవిరి వెనకాల ఒక ఇనప స్తంభం, ఆ స్తంభం మీద కెమెరా.

వీధిలో మోటారు సైకిళ్ళు దొంగల పాలవుతుంటే పోలీసులు చెప్పిన మీదట అందరూ చందాలేసుకుని పెట్టించిన కెమెరా అది. పెట్టిన ఏడాది దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు బెజవాడలో పసుపు పడని ఇనప వస్తువు ఉండదు. లారీల దగ్గర్నుంచి కుట్టుమిషన్ల దాకా అన్నీ స్నానం చేసి బొట్టు పెట్టుకుంటాయి. మణెమ్మ తన గ్రైండరుకీ, పొయ్యికీ, బండి చక్రాలకీ బొట్లు పెట్టుకుంది. తర్వాత తలెత్తి చూసింది.

"ఇదీ మన వీధి పనిముట్టేగా. పండగపూట దీన్నొక్కదాన్నీ మొహం కడక్కుండా వదిలేస్తామా?" అని స్టూలెక్కి, తడిగుడ్డతో తుడిచి, కంటికి పైన పసుపు రాసి కుంకుమ పెట్టింది.

పండగ వెళ్ళాక ఆ పసుపు రాసిన చోట రెప్ప మొలిచింది. వెల్లుల్లి పొరంత పల్చగా ఉంది. అంచున చిన్న చిన్న వెంట్రుకలు.

వైర్లు చూడటానికి వచ్చే స్టీఫెన్ నిచ్చెనెక్కి రెప్పను వేలితో ఎత్తి చూశాడు. "బాగానే ఆడుతోందండి. దుమ్ము పడకుండా మంచిదే. కానీ ఇది వారంటీలోకి రాదు," అని చెప్పి దిగాడు. వీధి తన పనిలో తాను పడింది. వానాకాలం ఊరంతా కళ్ళకలక వచ్చినప్పుడు కెమెరాకీ వచ్చింది. మణెమ్మ ఇడ్లీపాత్రలోని వేణ్ణీళ్ళతో పుసి తుడిచేది. స్టీఫెన్ వచ్చినప్పుడల్లా చుక్కలమందు వేసేవాడు.

ఆ రెప్పకు మర్యాద తెలుసు. కొళాయి దగ్గర నీళ్ళు పడుతూ ఎవరైనా ఆడమనిషి జారిన కొంగు సర్దుకుంటే అది వాలిపోయేది. ఉద్యోగం పోయిన మనిషి ఇంటికి వెళ్ళే ముందు గోడవార నిలబడి కళ్ళు తుడుచుకుంటే వాలిపోయేది. చిన్నపిల్లలు కాలవ దగ్గర కూర్చున్నా వాలిపోయేది. బండి తాళం విరగ్గొట్టేవాడు వస్తే మాత్రం గుడ్లురిమి చూసేది. అలా ఒక దొంగ దొరికాడు కూడా. చూడవలసింది చూసి, చూడకూడనిది వదిలేయడానికే కంటికి రెప్ప ఇచ్చాడు దేవుడు. చదువుకున్న వాళ్ళు మరిచిపోయిన ఆ మాట ఆ కెమెరాకు గుర్తుంది.

తిరుపతిరావు ఆ వీధి సంఘానికి సెక్రటరీ. పైపుల షాపు బావమరిదికి అప్పగించి ఇంటి వరండాలో కుర్చీ వేసుకున్నాడు. అతని కుడికంటి రెప్ప మీద మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. అది అదృష్టమని వాళ్ళమ్మ చెప్పేది. కెమెరాలో కనిపించేదంతా తన ఫోనులోకి వచ్చేట్టు ఏర్పాటు చేయించుకున్నాడు. పొద్దున కాఫీ దగ్గర్నుంచి సాయంత్రం దీపాల వేళ దాకా ఆ ఫోను చేతిలోంచి దిగేది కాదు.

"ఏవండీ, టీవీలో సీరియళ్ళున్నాయిగా. అవి చూడొచ్చుగా," అనేది భార్య రాజ్యలక్ష్మి.

"దీని ముందు అవెందుకే? ఇందులో యాడ్స్ కూడా ఉండవు," అని నవ్వేవాడు.

చూసి ఊరుకుంటే వేరే సంగతి. చూసింది వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. 'పచ్చగేటు వారి అమ్మాయి నిన్న ట్యూషన్ నుంచి ఎవరిదో బండి మీద వచ్చింది. తల్లిదండ్రులు గమనించగలరు.' ఆ బండి ట్యూషన్ చెప్పే మాస్టారి భార్యది. ఎవరూ కనుక్కోలేదు. ఆ పిల్ల ట్యూషన్ మానేసింది. వీధంతా ఆ మెసేజి చదివింది. చదివి, కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టింది. ఒక్కళ్ళూ ఇది తప్పు అనలేదు. తప్పు చేసేవాడికి ఎదురు చెప్పనివాడు వాడికి కుర్చీ వేసినట్టే.

తిరుపతిరావుకు రెప్పంటే చిరాకు. "సరిగ్గా చూడాల్సినప్పుడు మూసుకుంటుందోయ్ ఇది!" అని స్టీఫెన్‌తో గొణిగేవాడు.

ఉషశ్రీ ఆ వీధికి వచ్చింది వానాకాలం చివర్లో. చేతిలో ఒక సంచి, రెండో చేతికి సిమెంటు కట్టు. మణెమ్మ ఇంటి మేడమీది గదిలో అద్దెకు దిగింది. ఆమె మొగుడు పవన్‌కుమార్‌కు హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన టైర్ల షాపు. టైరు విప్పే రాడ్డుతో ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. ఆమె కోర్టుకు వెళ్ళింది. ఆమె దగ్గరికి రాకూడదని, ఆమె వెంట పడకూడదని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. ఆమె ఎక్కడ ఉంటున్నదీ అతనికి తెలియనివ్వలేదు. "ఈసారి దొరికితే చెయ్యితో వదలను," అన్నాడతను కోర్టు మెట్ల మీదే. ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు.

ఉషశ్రీ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మందుల షాపులో పనికి కుదిరింది. తలనిండా చున్నీ కప్పుకుని వెళ్ళేది, అలాగే వచ్చేది. మొదటిరోజు స్తంభం దగ్గరికి రాగానే కెమెరాను చూసి నిలబడిపోయింది.

"దాన్ని చూసి భయపడకు అమ్మాయ్," అంది మణెమ్మ ఇడ్లీరేకు తీస్తూ. "దానికి రెప్పుంది."

ఉషశ్రీ తలెత్తింది. రెప్ప మెల్లగా వాలింది. ఆమె దాటి వెళ్ళేదాకా లేవలేదు. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనను చూసి మర్యాదగా చూపు తిప్పుకున్నవాళ్ళు ఆమెకు చాలాకాలంగా తటస్థపడలేదు.

దసరా వెళ్ళి చలి మొదలైన రోజుల్లో పవన్‌కుమార్ ఆ వీధికి వచ్చాడు. ఉషశ్రీ బెంజ్ సర్కిల్‌లో ఆటో ఎక్కి పటమట వైపు వెళ్ళడం వాళ్ళ ఊరివాళ్ళెవరో చూశారు. అప్పట్నుంచీ అతను వీధి వీధికీ తిరిగి, సంఘాల పెద్దల్ని కెమెరా రికార్డింగు చూపించమని అడుగుతున్నాడు. అడిగిన చోటల్లా చూపించారు. నువ్వెవరివని అడిగినవాడు లేడు.

తెల్లచొక్కా, చేతిలో స్వీట్ల డబ్బా. తిరుపతిరావు వరండాలోకి వచ్చి చెప్పులు బయటే విడిచి కూర్చున్నాడు.

"బాబాయిగారూ, మీరే ఒడ్డున పడెయ్యాలి. మా ఆవిడ అలిగి వచ్చేసిందండీ. చిన్న మాటకి. ఫోన్ తీయదు. ఇంట్లో అమ్మ మంచం పట్టింది."

"ఈ కాలం ఆడపిల్లలు ఇంతేనయ్యా," అన్నాడు తిరుపతిరావు. 'బాబాయి' అన్న పిలుపుకే అతని మనసు కరిగిపోయింది. "ఏదీ, ఫొటో చూపించు."

చూశాడు. రికార్డింగు తీశాడు. మణెమ్మ బండి, ఆవిరి, ఒక కుక్క, తర్వాత వీధి మొదట్లో ఆటో ఆగడం. అంతలో తెర ఎర్రగా అయిపోయింది. ఎండలో కళ్ళు మూసుకుంటే లోపల కనిపించే ఎరుపు అది. మళ్ళీ తెర తేటపడేసరికి వీధి ఖాళీ. ముందురోజుదీ అంతే. దానికి ముందురోజుదీ అంతే.

తిరుపతిరావు తెలివితక్కువవాడు కాదు. తెలివి ఎక్కడ వాడాలో తెలియనివాడు. "రోజూ పొద్దునా సాయంత్రం, ఇదే వేళకి మూసుకుంటోంది. ఎవరినో దాస్తోందయ్యా ఇది. సాయంత్రం నాలుగింటికి రా. దీని సంగతి నేను చూస్తా."

"మీ రుణం తీర్చుకోలేను బాబాయిగారూ!"

వెంటనే స్టీఫెన్‌ను పిలిపించాడు. "రెప్ప కోసెయ్."

స్టీఫెన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నావల్ల కాదండి. వైర్లయితే కోస్తాను. అది కన్నండి."

"మిషనుకి కన్నేమిట్రా! నీకు నెలనెలా వస్తున్నది ఎవరి సంతకం మీద?"

"మీ సంతకమేనండి. అయినా కొయ్యను."

తిరుపతిరావు తనే నిచ్చెన వేయించుకున్నాడు. మీసాలు కత్తిరించుకునే కత్తెర తీసుకుని మిట్టమధ్యాహ్నం, మణెమ్మ భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళ, స్తంభం ఎక్కాడు. రెప్ప వణికింది. కరక్కున కోసేశాడు. తడి తడిగా, నులివెచ్చగా ఉన్న ఆ పొరను కాలవలోకి విసిరి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

సాయంత్రం ఇద్దరూ వరండాలో పక్కపక్కన కూర్చున్నారు. రాజ్యలక్ష్మి టీ తెచ్చి పెట్టింది.

"ఎవరండీ ఈ అబ్బాయి? వాళ్ళావిడ ఎందుకు వచ్చేసిందో అడిగారా?"

"నీకెందుకే అవన్నీ? సంసారం నిలబెడితే పుణ్యం."

ఫోనులో వీధి అద్దంలా కనిపిస్తోంది. మణెమ్మ బండి మీద నూనె కాగుతోంది. ఆమె పిండి వేయబోయింది. పైనుంచి ఒక నీటిబొట్టు నూనెలో పడి చిటచిటలాడింది. మణెమ్మ వెనక్కి గెంతింది. ఇంకో బొట్టు. మబ్బు లేదు. తలెత్తి చూసింది. కెమెరాకు రెప్ప లేదు. కోసిన చోట ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆ కంటి నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అయ్యో తల్లీ!" అంది మణెమ్మ. వెంటనే ఆమెకు ఇంకోటి తట్టింది. ఊరికే ఎవరు కోస్తారు? వీధిలోకి చూసింది. తిరుపతిరావు వరండాలో తెల్లచొక్కా. ఆ మొహం ఆమె ఉషశ్రీ ఫోనులో చూసింది. గుర్తు పెట్టుకోమని ఉషశ్రీయే చూపించింది.

ఫోను చేద్దామని పిండిచెయ్యి కడుక్కుంటుండగానే వీధి మొదట్లో ఆటో ఆగింది. ఉషశ్రీ దిగింది.

"అదిగో! ఆ చున్నీ..." అంటూ పవన్‌కుమార్ ఫోను మీదికి వంగాడు.

అప్పటికి కన్ను పూర్తిగా నిండిపోయింది. తెర మీద నీళ్ళు. వీధి కృష్ణలో మునిగినట్టు అలలు అలలుగా కదిలింది. చున్నీ ఒక రంగుగా కరిగింది, అదీ కలిసిపోయింది. తిరుపతిరావు ఫోనును చొక్కాకు తుడిచాడు. తడి ఫోను మీద లేదు కదా, పోలేదు.

"ఛ! నేనే చూస్తా," అని పవన్‌కుమార్ చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటాడు.

మణెమ్మ ఉషశ్రీ జబ్బ పట్టుకుని బండి వెనక్కి లాగింది. "కింద కూర్చో. మాట్లాడకు. వాడొచ్చాడు." బండికి మూడువైపులా కట్టిన పట్టా కిందకి ఆమెను తోసి, పట్టా దించేసి, గరిటె పట్టుకుని నిలబడింది. ఉషశ్రీ గ్యాస్ సిలిండరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కట్టు విప్పినా ఇంకా పట్టు రాని చేత్తో, కోర్టు ఉత్తర్వు ఇచ్చిన రోజున మహిళా ఎస్సైగారు రాసిచ్చిన నంబరు నొక్కింది.

పవన్‌కుమార్ బండి ముందుకు వచ్చి ఆగాడు. రొప్పుతున్నాడు.

"ఇప్పుడిటు ఒకమ్మాయి వచ్చింది. ఎటు పోయింది?"

"పునుగులా బాబూ, బజ్జీలా?"

"అడిగిందానికి చెప్పు."

"అదే అడుగుతున్నా. పునుగులైతే ఇప్పుడే వేస్తున్నా. బజ్జీలకి ఆగాలి."

అతను చెయ్యి చాపి పట్టా అంచు పట్టుకున్నాడు. లోపల ఉషశ్రీకి ఆ వేళ్ళు కనిపించాయి. ఆ ఉంగరం కనిపించింది. మణెమ్మ గరిటెనిండా కాగిన నూనె ఎత్తి పట్టుకుంది.

"దూరంగా నిలబడు నాయనా. నా చెయ్యి వణుకుతుంది. పెద్దదాన్ని."

అతను చెయ్యి వెనక్కి తీశాడు. బండి పక్కకు తిరిగి వెనకనుంచి వద్దామనుకున్నాడు. అలా తిరిగేసరికి స్తంభం కిందికి వచ్చాడు. నెత్తి మీద ఒక చుక్క పడింది. తలెత్తాడు. ఏడ్చి ఏడ్చి కడుక్కున్న ఆ కన్ను అప్పటికి తేటపడింది. అతని మొహాన్ని నిండుగా, నిదానంగా చూసింది. ఎంతసేపు చూసిందంటే, అతను కాలు కదపడం మరిచిపోయాడు. కాళ్ళు గుర్తొచ్చేసరికి వెనక పోలీసు జీపు ఆగింది.

ఎస్సైగారు ముందు పట్టా ఎత్తి ఉషశ్రీని లేపింది. తర్వాత పవన్‌కుమార్‌ను జీపెక్కించింది. ఉత్తర్వు ఉండగా ఆమె ఉండే వీధికి వచ్చి ఆమె వెంటపడ్డాడు. అందుకు సాక్ష్యం స్తంభం మీదే ఉంది. ఆ తర్వాత ఎస్సైగారు తిరుపతిరావు వరండా ఎక్కింది.

"కెమెరా రికార్డింగు కావాలండీ. ఇదిగో నోటీసు. మేమడిగినా కాగితం మీదే అడగాలి. ఆయన ఏ కాగితం చూపించి అడిగారు?"

"కాగితం ఏముందమ్మా... మొగుడు కదా. సంసారం నిలబెడదామని..."

"ఆ సంసారంలో ఆమె మణికట్టు విరిగింది. తెలుసా మీకు?"

"తెలీదు."

"కనుక్కున్నారా?"

తిరుపతిరావు ఫోనును చేతిలో బోర్లించాడు.

"ఆమె ఎన్నింటికి ఇంటికొస్తుందో మాత్రం కనుక్కున్నారు," అంది ఎస్సైగారు. "చూడండి. దొంగలు రాకుండా కెమెరా పెట్టుకున్నారు, మంచిదే. దాన్ని ఒక మనిషి వెంటపడటానికి ఇంకొకడి చేతికిస్తే, వాడి నేరంలో మీకూ భాగం ఉంటుంది. తన బతుకు తనదిగా ఉంచుకోవడం మనిషికి ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పి ఏళ్ళయింది. వీధిలోకి వచ్చేటప్పుడు ఆ హక్కుని ఎవరూ గుమ్మంలో విడిచి రారు, మీ చెప్పుల్లాగా."

రాజ్యలక్ష్మి లోపల్నుంచి వచ్చి, మొగుడి చేతిలోని ఫోను తీసి ఎస్సైగారి చేతిలో పెట్టింది. "అందులో ఇంకా చాలామంది ఉన్నారమ్మా. అందర్నీ చూడండి," అంది.

పవన్‌కుమార్‌కు బెయిలు దొరకలేదు. కేసులో తిరుపతిరావు పేరు కూడా ఎక్కింది. సంఘం అతన్ని దించేసింది. కెమెరా ఇక ఎవరి ఫోనులోకీ వెళ్ళకుండా స్టీఫెన్ వైరు మార్చాడు. రికార్డింగు తాళం వేసిన పెట్టెలో ఉంటుంది, పోలీసులు రాసి అడిగితేనే తీస్తారు, గడువు దాటితే చెరిపేస్తారు. చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్ళెవరూ క్షమాపణ అడగలేదు. కానీ పచ్చగేటు వారి పిల్ల మళ్ళీ ట్యూషన్‌కు వెళ్తోంది.

కెమెరా కొన్నాళ్ళు రెప్ప లేకుండానే ఉంది. మణెమ్మ పొద్దునే తడిదూది పెట్టేది, సాయంత్రం తీసేది. ఒక ఆదివారం పొద్దున దూది పెట్టబోతే చేతికి మెత్తగా తగిలింది. కొత్త రెప్ప. ఇది వెల్లుల్లి పొరలా పల్చగా లేదు. దళసరిగా, కాస్త ముడతలు పడి ఉంది. దాని మీద మినపగింజంత పుట్టుమచ్చ.

అదే పొద్దున తిరుపతిరావు అద్దం ముందు నిలబడి, "రాజ్యం! కుడికంట్లో ఏదో పడిందే, మూత పడటం లేదు," అని కేకేశాడు.

ఆ సాయంత్రం ఉషశ్రీ చున్నీ భుజం మీద వేసుకుని, జడలో మూర మల్లెపూలు పెట్టుకుని, వీధిలో నిలబడి పునుగులు తింది. ఎంతకాలమైందో ఆమె అలా నిలబడి ఏదైనా తిని. వేడికి నోరు కాలి ఉఫ్ ఉఫ్ అంటూ నవ్వింది. పైన రెప్ప మెల్లగా వాలింది. ఆమె దాని వంకా, పుట్టుమచ్చ వంకా చూసింది.

"మణెమ్మగారూ, ఈ రెప్ప ఆయనది కదండీ?"

"అయితేనేం," అంది మణెమ్మ ఇంకో వాయి వేస్తూ. "ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది."

తిరుపతిరావు కంటి డాక్టర్లందరి దగ్గరికీ తిరిగాడు. చుక్కలు వేసుకోమన్నారు, నల్లకళ్ళద్దాలు పెట్టుకోమన్నారు. ఇప్పుడతను కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటాడు. మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీయాలంటే రాజ్యలక్ష్మి పక్కన కూర్చుని ఆ కంటి మీద అరచెయ్యి మూతపెట్టాలి. ఆమె కూడా మనిషే, అలిసిపోతుంది. ఆమెకు నిద్రపట్టగానే చెయ్యి జారిపోతుంది. అప్పట్నుంచీ తిరుపతిరావు చూస్తూనే ఉంటాడు, పైన తిరుగుతున్న ఫ్యాను వంక.